నేను టైపు చేయని పేరు

జహీరాబాద్‌లో ఆ రోజుల్లో ఇంగ్లీషులో అర్జీ రాయించుకోవాలంటే నా దగ్గరికే రావాలి. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ గొప్పే మా కొంప ముంచింది కాబట్టి చెబుతున్నాను. బస్టాండుకు ఎదురుగా సైకిళ్ళ దుకాణం, దాని మీద నా గది, గదిలో ఆరు టైపు మిషన్లు. పొద్దున పిల్లలకు టైపు నేర్పేవాణ్ణి. మధ్యాహ్నం అర్జీలు రాసేవాణ్ణి. న్యాల్‌కల్ నుంచి పట్టా మార్పిడికని, మొగుడంపల్లి నుంచి మోటారు కనెక్షన్‌కని రైతులు వచ్చి బల్ల మీద కూర్చునేవాళ్ళు. వాళ్ళు చెప్పేది సగం వినగానే నాకు విసుగు పుట్టేది. "నువ్వు జెప్పకు. నాకు సమజైంది. నేను రాస్త గద," అనేవాణ్ణి. పెద్దవాళ్ళు కూడా నోరు మూసుకునేవాళ్ళు. నేను రాసింది వాళ్ళకు చదివి వినిపించే అలవాటు నాకు లేదు. వినిపించినా ఏం అర్థమవుతుందిలే అనుకునేవాణ్ణి.

అలా వినిపించకుండా నింపిన ఒక ఫారం వల్ల ఒక ఆడపిల్ల తన కన్నతల్లి దగ్గరికి పోలేకపోయింది. ఆ పిల్ల నా మేనకోడలు. ఆ తల్లి నా అక్క.

నాకు ఇద్దరక్కలు. పెద్దక్కను న్యాల్‌కల్ దిక్కు ఒక ఊళ్ళో సేద్యం చేసుకునే ఇంటికిచ్చారు. నల్లరేగడి భూమి, శనగలు, జొన్నలు, ఇంట్లో సగం కన్నడం సగం తెలుగు. చిన్నక్కను చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే టర్నరుకిచ్చారు. గిర్రున తిరిగే ఇనుప కడ్డీని కోసి, చెక్కి, నున్నగా చేసే లేతు మిషను మీద ఆయన పని. చిన్నబావ పదో తరగతి ఇంగ్లీషులో రెండుసార్లు తప్పి ఐ.టి.ఐ.లో చేరినవాడు. కానీ ఇనుము ముందు నిలబడితే ఆయన వేరే మనిషి. కడ్డీని వేళ్ళ మధ్య ఒకసారి తిప్పి చూసి, "జర లావున్నది," అనేవాడు. కొలిస్తే నిజంగానే వెంట్రుకవాసి లావుండేది.

పెద్దక్కకు పెళ్ళయి పన్నెండేళ్ళయినా పిల్లలు కాలేదు. బీదర్ దవాఖానకు పోయారు, దర్గాలకు పోయారు, చివరికి ఆ మాటే మానేశారు. చిన్నక్కకు మొదట కొడుకు పుట్టాడు. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు తనే అన్నది, ఈసారి పుట్టేది అక్కకే అని. ఎవరూ అడగలేదు. పుట్టింది ఆడపిల్ల.

మా ఇండ్లల్లో బిడ్డనివ్వడమంటే కోర్టు కాగితాలు, సాక్షుల సంతకాలు ఉండవు. ఇరవై ఒకటో రోజున తొట్టెల వేస్తారు కదా, ఆ తొట్టెలను కన్నవాళ్ళింట్లో కాకుండా పెంచుకునేవాళ్ళింట్లో కడతారు. అంతే. చిన్నక్క బిడ్డను తెచ్చి, పెద్దక్క పట్టిన కొంగులో పసుపు బియ్యం పోసి, ఆ బియ్యం మీద పడుకోబెట్టింది. "అక్కా, ఇయ్యాల్టి సంది ఇది నీ బిడ్డ. నేను దీనికి చిన్నమ్మను," అని మూడుసార్లు అనాలి. రెండుసార్లు అన్నది. మూడోసారి పెదవులు కదిలాయి గానీ గొంతు రాలేదు. మా అమ్మ పక్కనుంచి, "గట్టిగ అను బిడ్డా," అన్నది. చిన్నక్క గట్టిగా అన్నది. తిరుగు బస్సులో నేను చిన్నక్క పక్కన కూర్చున్నాను. పాలతో రవికె తడిసిపోతుంటే కొంగు ఒళ్ళంతా కప్పుకుని, జహీరాబాద్ వచ్చేదాకా కిటికీ వైపే చూసింది.

ఇచ్చాక ఒక కట్టుబాటు. కన్నామె ఆ బిడ్డను తన పిల్లల్లో లెక్కపెట్టకూడదు. నోటి మాటకైనా సరే. పెంచినామెకు అరిష్టమంటారు. అరిష్టం సంగతి నాకు తెలియదు గానీ, ఆ మాట ఎంత కోస్తుందో ఒకసారి చూశాను. చిన్నక్కకు తర్వాత ఇంకో కొడుకు పుట్టాడు. వాడి తొట్టెలనాడు చిరాగ్‌పల్లి నుంచి వచ్చిన చుట్టం ఒకామె, "ఎందరమ్మా నీకు పిల్లలు?" అని అడిగింది. చిన్నక్క ఏదో పని మీద ఉండి, "ముగ్గురత్తమ్మా," అనేసింది. పెద్దక్క విన్నది. తింటున్న పళ్ళెం కింద పెట్టి, పిల్లను చంకనేసుకుని, ఎవరెంత పిలిచినా ఆగకుండా రోడ్డెక్కి బస్సు కోసం నిలబడింది. ఊరికి పోయి మూడు రోజులు జ్వరంతో పడుకుంది. మా అమ్మ చిన్నక్కను ఎంత మాటనాలో అంతా అన్నది. ఆనాటి నుంచి మా ఇంట్లో అందరికీ ఒకటే పాఠం. చిన్నక్కకు ఇద్దరు. ఎవరడిగినా ఇద్దరే.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, ఫ్యాక్టరీలో చెరకు ఆడటం అయిపోయి మిషన్లు విప్పి బాగుచేసే ఎండాకాలంలో, చిన్నబావ మా గదికి ఒక కవరు పట్టుకొచ్చాడు. తనతో పనిచేసి కెనడా పోయిన ఒక ఫిట్టరు రాసిన ఉత్తరం. అక్కడ చేతి పని తెలిసినవాళ్ళు కావాలట. టర్నర్లయితే మరీ కావాలట. ఊరికే పని చేసి రావడం కాదు, పెళ్ళాం పిల్లలతో పోయి అక్కడే స్థిరపడవచ్చట. అందుకు లెక్క ఉందట. చదువుకు కొన్ని, చేతి పనికి కొన్ని, ఎన్నేళ్ళు చేశావన్నదానికి కొన్ని, వయసుకు కొన్ని, భాషకు కొన్ని మార్కులు. నూటికి యాభై దాటాలి.

"నాకు వస్తయంటవా?" అన్నాడు బావ.

నేను కాగితం తీసి లెక్క వేశాను. చేతి పనికి, దానికున్న గిరాకీకి బాగా వస్తాయి. వయసుకు పూర్తిగా వస్తాయి. చదువుకు అంతంతే. ఇంగ్లీషు దగ్గరే గండం. "బావా, నువ్వు పదో తరగతిల ఇంగ్లీషు పేపరు మీద బొమ్మలు గీసి వచ్చినోనివి," అన్నాను. ఆయన నవ్వి, "బొమ్మకు మార్కులుంటే నేనే ఫస్టు," అన్నాడు.

ఆ రోజు నుంచి డ్యూటీ దిగి, మసి చేతులు కడుక్కుని, సాయంత్రం పూట నా గదికి వచ్చేవాడు. నేను ఆఫీసరును, ఆయన దరఖాస్తుదారు. నీ పేరేమి, నీ పనేమి, ఎందుకు రావాలనుకుంటున్నావు? ఆయన లేచి నిలబడి, చేతులు కట్టుకుని, చెమటలు కక్కుతూ చెప్పేవాడు. నేను కసిరేవాణ్ణి. తప్పు పట్టుకున్న ప్రతిసారీ నాకు లోపల సంతోషంగా ఉండేది, దాచడమెందుకు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దవాడు, నా అక్క మొగుడు, నా ముందు బడిపిల్లవాడిలా నిలబడటం నాకు నచ్చింది.

ఢిల్లీలోని కెనడా ఆఫీసు నుంచి ఫారాలు వచ్చాయి. నింపడానికి ఒక ఆదివారం అనుకున్నాం. చిన్నక్క, బావ వచ్చారు. ఆ రోజే పెద్దక్క కూడా పిల్లకు బట్టలు కొందామని ఊరి నుంచి వచ్చి, చెల్లెలు ఇక్కడుందని తెలిసి మెట్లెక్కి వచ్చింది. పిల్లకప్పుడు నాలుగేళ్ళు. పెద్దక్క ఒళ్ళో కూర్చుని, నేను ఇచ్చిన పాత కార్బన్ కాగితంతో వేళ్ళు నీలం చేసుకుంటూ ఉంది.

పేరు, ఊరు, పుట్టిన తేదీ, చదువు, పని అన్నీ అడిగి టైపు చేశాను. పిల్లల వరస వచ్చింది. ఆ వరస మీద ఒక లైను అచ్చు వేసి ఉంది. దరఖాస్తుదారు పిల్లలందరి వివరాలు, వెంట వచ్చేవారైనా రానివారైనా, ఎవరి దగ్గర పెరుగుతున్నా సరే, తప్పక రాయవలెను. కింద ఇంకా చిన్న అక్షరాల్లో, ఎవరి పేరైనా దాచితే తర్వాత వారిని పిలిపించుకునే హక్కు పోవచ్చు అని.

నేను చదివాను. నాకు బాగా అర్థమైంది. ఈ విషయంలో మాత్రం నాకు ఎవరూ సర్దిచెప్పవద్దు. అర్థం కాక చేసిన పని కాదు. తల ఎత్తి చూస్తే ఎదురుగా పెద్దక్క ఉంది, ఆమె ఒళ్ళో పిల్ల ఉంది. ఈ లైనును ఉన్నదున్నట్టు తెలుగులో చెబితే ఆ గదిలో ఏమవుతుంది? పళ్ళెం వదిలేసి పోయిన పెద్దక్క నా కళ్ళ ముందు కనిపించింది. మూడు రోజుల జ్వరం గుర్తొచ్చింది. కెనడాలో ఎవడో రాసుకున్న లైను కోసం మా పెద్దక్క కడుపు ఎందుకు కోయాలి అనుకున్నాను. చాలా తెలివైనవాణ్ణని కూడా అనుకున్నాను.

"పిల్లలెందరు? పేర్లు జెప్పున్రి," అని మాత్రం అడిగాను.

చిన్నక్క పిల్ల వైపు చూడలేదు. పెద్దక్క వైపు కూడా చూడలేదు. "ఇద్దరు," అన్నది. "ఇద్దరు మొగపిల్లలు."

ఇద్దరని టైపు చేశాను. ఆఖరి పేజీలో, పైన రాసినదంతా నిజమని, ఏదీ దాచలేదని ఉన్నచోట బావ కుదురుగా సంతకం చేశాడు. ఫారం నింపిపెట్టినవారు అన్నచోట నేను చేశాను. నా సంతకం అప్పట్లో చాలా పొడుగ్గా, వంకీలతో ఉండేది.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగాయి. చిన్నక్కనూ ఇద్దరు పిల్లలనూ బావతో పాటు హైదరాబాద్ తీసుకుపోయి, వాళ్ళు చెప్పిన డాక్టరుకు చూపించి ఎక్స్‌రేలు తీయించాం. ఢిల్లీ ఇంటర్వ్యూలో నేను నేర్పిన ప్రశ్నలేవీ అడగలేదట. ఆఫీసరు ఒక మిషను భాగం బొమ్మ ముందు పెట్టి ఇది ఎలా చేస్తావని అడిగాడట. బావ పేపరు చదివినట్టు ఆ బొమ్మ చదివేశాడు. మాటలు రానిచోట చేతులతో చేసి చూపించాడు. పాసయ్యాడు. ఇంటిల్లిపాదికీ అక్కడ శాశ్వతంగా ఉండే కాగితాలు వచ్చాయి. ఇంటిల్లిపాది అంటే ఆ ఫారంలో ఉన్న నలుగురు.

పోయే ముందు చిన్నక్క పెద్దక్క ఊరికి పోయి రెండు రోజులుండి వచ్చింది. అక్కడేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తిరిగి వచ్చాక, "అది నన్ను చిన్నమ్మా చిన్నమ్మా అని ఎంత మంచిగ పిలుస్తున్నదో తమ్మీ," అని ఒక్కటే అన్నది. అని లోపలికి పోయింది.

ఉత్తరాలు నెలకొకటి వచ్చేవి. మంచు, మిషను షాపు, పిల్లల బడి. చివర ఎప్పుడూ ఒకటే మాట, అక్క బిడ్డ బాగున్నదా? అక్క బిడ్డ అనే రాసేది. ఒక్క ఉత్తరంలో కూడా తప్పిపోలేదు.

పిల్లకు పదేళ్ళప్పుడు పెద్దక్కే నిజం చెప్పేసింది. ఊళ్ళో అందరికీ తెలిసినదే, ఎవరి నోటనో వినేకంటే నా నోట వినడం మేలని చెప్పింది. పిల్ల విని, "అయితే చిన్నమ్మ నన్నెందుకు కెనడా తీస్కపోలె?" అని అడిగిందట. ఎందుకు తీసుకుపోతుంది, నువ్వు నా బిడ్డవు కదా అని పెద్దక్క నవ్వేసిందట. పిల్ల నవ్వలేదట.

ఇంకో ఏడాదికి పెద్దక్కకు రొమ్ములో గడ్డ లేచింది. సిగ్గుతో దాచుకుని, పసుపు కట్లు కట్టుకుని, చివరికి బీదర్ పోయేసరికి ఆలస్యమైపోయింది. అక్కడి నుంచి హైదరాబాద్ దవాఖానకు తెచ్చాం. అక్కడ మంచం మీద ఉండగా ఒక మధ్యాహ్నం నన్ను దగ్గర కూర్చోమన్నది. ఆమె చేతిలో బలం లేదు గానీ మాటలో ఉంది.

"తమ్మీ, నేను పోతే పిల్లను దాని తల్లి తానికి పంపు. మీ బావ సంగతి నీకెరికే. ఆయనకు భజనలు, పండరిపురం తప్ప లోకం తెల్వదు. దాన్ని తల్లి తానికే తోలియ్యి."

తోలిస్తాను అన్నాను. తర్వాత ఉండబట్టలేక, "అక్కా, దాని పేరు ఫారంల రాయలే," అని చెప్పాను.

"ఏ ఫారం?"

అంతా చెప్పాను. ఆదివారం, ఆ లైను, ఒళ్ళో పిల్ల. ఆమెకు నొప్పి కలగకూడదని ఆపేశానని చెప్పాను. మెచ్చుకుంటుందని ఎక్కడో ఒక మూల అనుకున్నానేమో కూడా.

పెద్దక్క లేవబోయింది. లేవలేకపోయింది. "నేను నొచ్చుకుంటనని ఎవరు జెప్పిన్రు నీకు? అడిగినవా నన్ను?" అన్నది.

"ఆ తొట్టెలనాడు నువ్వు పళ్ళెం ఇడిసిపెట్టి..."

"అప్పుడు నాకు కొత్త తమ్మీ. ఎవరన్న గుంజుకపోతరేమో అని పానం కొట్టుకుంటుండె. తర్వాత ఆ భయం పోయింది. అది నన్నిడిసి యాడికి పోతది? నన్ను అడిగితే రాయమనే అంటుంటి. పది పేర్లు రాయమంటుంటి. కాగితంల పేరుంటే నా బిడ్డ నాకు కాకపోతదా?" అని, ఇంక మాట్లాడలేక కళ్ళు మూసుకుంది. కాసేపటికి కళ్ళు మూసుకునే, "నువ్వు గింత చదువుకున్నవ్, జర అడిగితే ఏం పోయిందిరా," అన్నది.

నాకు తల తీసేసినట్టయింది. ఆమె నాతో మాట్లాడిన చివరి పెద్ద మాట అదే. పది రోజులకు పోయింది.

పెద్దబావ ఆ ఆషాఢంలో భజన మండలితో నడిచి పండరిపురం పోయాడు. ఏటా పోయేవాడే. ఈసారి తిరిగి రాలేదు. అక్కడే ఏదో మఠంలో నీళ్ళు మోస్తూ ఉన్నాడని తెలిసి నేను పోయి కలిశాను. కోపంగానే పోయాను. ఆయన నన్ను చూసి చేతులు జోడించి, "పిల్లను వాళ్ళమ్మ తానికి పంపున్రి. ఆ ఇంట్ల నాకు ఊపిరాడుత లేదు," అన్నాడు. తిట్టాలని పోయినవాణ్ణి తిట్టకుండానే తిరిగి వచ్చాను. పిల్లను మా ఇంటికి తెచ్చుకున్నాను.

పదకొండేళ్ళ పిల్ల. నా గదికి వచ్చి ఒక మూల మిషను ముందు కూర్చునేది. ఏం చేయాలో తోచక టైపు నేర్పాను, ఇంగ్లీషు నేర్పాను. ఏడాది తిరిగేసరికి నా దగ్గర డబ్బిచ్చి నేర్చుకునేవాళ్ళకంటే బాగా కొట్టేది. కన్నతల్లి గురించి ఒక్క మాట అడిగేది కాదు. చిన్నక్క ఉత్తరం వస్తే చదివి మడిచి బల్ల మీద పెట్టేది. జవాబు రాయమంటే, "నువ్వే రాయి మామా," అనేది.

చిన్నక్క, బావ అక్కడి నుంచి దరఖాస్తు పెట్టారు. ఇది మా కన్నబిడ్డ, మా దగ్గరికి రానివ్వండి అని. రెండేళ్ళు పట్టింది. పిల్ల పుట్టింది ఇంట్లో, మంత్రసాని చేతిలో. పుట్టిన కాగితం లేదు. బడి రికార్డులో తండ్రి పేరు పెద్దబావది. ఊరి పెద్దలతో రాయించాను, మంత్రసానితో వేలిముద్ర వేయించాను. అన్నీ నేనే టైపు చేశాను. ఈసారి ప్రతి అక్షరం ఎదుటివాళ్ళకు చదివి వినిపించాను. చివరికి ఢిల్లీకి పిలుపు వచ్చింది, పిల్లను తీసుకుని రమ్మని. పిల్లకప్పటికి పదమూడు నిండాయి.

"చిన్నమ్మ అనకు. అక్కడ అమ్మ అనాలె," అని రైలులో పదిసార్లు చెప్పాను. సరే అన్నది.

ఆఫీసరు నెమ్మదైన మనిషి. ఇంగ్లీషులో మెల్లగా, నాకు అర్థమవుతున్నదో లేదో చూసుకుంటూ మాట్లాడాడు. ముందు పిల్లనే అడిగాడు, మీ అమ్మ ఎక్కడుంటుంది అని. పిల్లకు ప్రశ్న అర్థమైంది. నా వైపు చూసింది. తర్వాత ఆయన వైపు చూసి, తనకు తెలిసిన ఇంగ్లీషులో, మా అమ్మ చనిపోయింది అని చెప్పింది. నేను నోరు తెరవబోతే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

తర్వాత ఒక పాత ఫారం తీసి బల్ల మీద మా వైపు తిప్పి పెట్టాడు. నా టైపు, నా వంకీల సంతకం. పిల్లల వరస మీద ఉన్న లైనును వేలితో చూపిస్తూ చదివాడు. వెంట వచ్చేవారైనా రానివారైనా, ఎవరి దగ్గర పెరుగుతున్నా సరే. చదివి, విచారంగానే చెప్పాడు. ఆనాడు ఈ అమ్మాయి పేరు ఇక్కడ రాసి, ఒక్కసారి డాక్టరుకు చూపించి ఉంటే చాలు. వెంట తీసుకుపోనక్కర్లేదు. ఇక్కడే ఎంతకాలం పెరిగినా, ఎప్పుడు కావాలంటే అప్పుడు పిలిపించుకునే దారి ఉండేది. రాయని బిడ్డను ఇప్పుడు కుటుంబంలో మనిషిగా తీసుకునే వీలు లేదు. ఫారం నింపింది మీరేనా అని అడిగాడు. నేనే అన్నాను.

పిల్ల ఆ లైను మీదకు వంగి, పెదవులు కదుపుతూ మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ చదివింది. ఆ ఇంగ్లీషు నేను నేర్పినదే.

తిరుగు రైలు మర్నాడు మధ్యాహ్నం నాగపూర్ దాటింది. ఎదురు సీటువాళ్ళు సంత్రా పండ్లు ఒలుచుకుంటున్నారు. పిల్లకు ఒకటిచ్చారు. చేతిలో పట్టుకుని కూర్చుంది. ఉన్నట్టుండి అడిగింది.

"మామా, ఆ లైను నువ్వు వాళ్ళకు చదివి చెప్పినవా?"

అబద్ధం చెప్పడానికి ఎంత వీలుందో అంతా నా ముందు కనిపించింది. చెప్పాను, వాళ్ళే వద్దన్నారు అంటే అయిపోయేది. చిన్నక్క ఏడు సముద్రాల అవతల ఉంది, ఎప్పటికీ తెలియదు. కానీ ఆ పిల్ల ముఖం చూస్తూ నా వల్ల కాలేదు.

"లేదు బిడ్డా. పిల్లలెందరని మాత్రమే అడిగిన."

"చిన్నమ్మకు తెల్వదా అట్ల రాసున్నదని?"

"తెల్వదు. ఇయ్యాల్టికీ తెల్వదు. ఫారంల పేరు రాయలేదన్నదే తెలుసు. అడిగింది వెంట పోయేటోళ్ళను మాత్రమే అనుకుంటున్నది."

పిల్ల చాలాసేపు కిటికీలోంచి చూసింది. ఆ చూడటం అచ్చం ఆనాటి బస్సులో చిన్నక్క చూడటమే.

"నాకు చిన్నమ్మ మీద కోపముండె మామా," అన్నది. "నన్ను వెంట తీస్కపోలేదని. నేనొద్దనుకున్నదని. మూడేండ్ల సంది. ఒక్క జాబు కూడ రాయలే నేను." తను ఏడవలేదు. అప్పుడు నేనే ఏడ్చాను, రైలు డబ్బాలో అందరి ముందు. సంత్రాలు ఒలిచే పెద్దమనిషి తల తిప్పుకున్నాడు. పిల్ల తన ఓణీ అంచుతో నా ముఖం తుడిచింది. నేను చేసిన పనికి నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

"చిన్నక్కకు రాస్త. అంతా రాస్త. తప్పు నాదేనని రాస్త," అన్నాను.

"వద్దు మామా."

"ఎందుకు?"

"ఇప్పటికి నేను లేకపోతి ఆమెకు. ఇగ నువ్వు కూడ లేకుంట అయితవ్," అన్నది. "ఆమెకు నువ్వొక్కనివే గద తమ్మునివి. చెప్పకు."

ఇంటికి చేరాక మొదటిసారి తనే మిషను ముందు కాకుండా కలం పట్టుకుని కూర్చుని చిన్నక్కకు ఉత్తరం రాసింది. నేను చదవలేదు. కాగితాలు సరిపోలేదని, పుట్టిన కాగితం లేకపోవడమే కారణమని రాసినట్టు తర్వాత చిన్నక్క జవాబు చూసి తెలిసింది. ఆఫీసు వాళ్ళకు పంపిన కాగితంలో వీలు లేదని తప్ప కారణం లేదట. ఆ జవాబులో చిన్నక్క మంత్రసానిని తిట్టుకుంది, మున్సిపాలిటీని తిట్టుకుంది, తన ఖర్మను తిట్టుకుంది. నన్ను మాత్రం, "తమ్మీ, నువ్వు ఎంత తిరిగినవో, నీ రుణం ఎట్ల తీర్చుకుంట," అని రాసింది.

పిల్ల మాట నిలబెట్టాను. ఇన్నేళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు ఇదంతా రాసి అచ్చుకిస్తున్నాను. చిన్నక్క అక్కడ ఇంతకాలముండి కూడా ఇంగ్లీషు పుస్తకం ముట్టదు. తెలుగులో ఏది అచ్చయినా తెప్పించుకుని ఆఖరి పేజీ దాకా చదువుతుంది.